లెడ్ తీసి లిథియం పెట్టించడం: వరంగల్‌లో దొరికే 60 వోల్టుల ప్యాక్‌లపై రివ్యూ

నంబరు ప్లేటు లేని చార్జింగ్ స్కూటీ కొన్నవాళ్లకు ఏడాదిన్నర, రెండేళ్లు తిరిగేసరికి ఒకటే బాధ మొదలవుతుంది. కాళ్ల కింద ఉన్న ఐదు లెడ్ బ్యాటరీలు డీలా పడతాయి. హంటర్ రోడ్డు నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా పోయి వచ్చిన బండి కాజీపేట బ్రిడ్జి ఎక్కలేక మొరాయిస్తుంది. మడిగెకు తీసుకుపోతే మెకానిక్ ఒకటే మాట చెప్తాడు: "లెడ్ తీసెయ్యండి సార్, లిథియం పెడతా. బరువు సగం, మైలేజీ డబుల్, మూడేళ్ల గ్యారంటీ." బరువు మాట నిజమే. మైలేజీ మాట ప్యాక్‌ను బట్టి ఉంటుంది. ఆ మాటల్లో లేనిది భద్రత. ఈ రివ్యూ దాని గురించే.

వరంగల్, హనుమకొండ, కాజీపేటతో పాటు కరీంనగర్, పెద్దపల్లి వైపు కూడా ఈ పనికి దొరికేవి మూడు రకాలు. ఒకటి, బండి కంపెనీ అదే మోడల్‌కు ఇచ్చే లిథియం ప్యాక్. రెండోది, ప్యాక్ తయారీదారు లేబుల్‌తో డబ్బాలో వచ్చి విడిగా అమ్ముడయ్యే రెడీమేడ్ ప్యాక్. మూడోది, మడిగెలోనే సెల్లు పేర్చి, స్పాట్ వెల్డింగ్ కొట్టి, నీలం ప్లాస్టిక్ తొడుగు చుట్టి ఇచ్చేది. మొదటిది మీ మోడల్‌కు దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. రెండోది కింద చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితేనే. మూడోది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. మొదటిది దొరక్క, రెండోది నెగ్గకపోతే మళ్లీ లెడ్ వేయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. రోజుకు 15, 20 కిలోమీటర్లు తిరిగే బండికి అది సరిపోతుంది. లెడ్‌కు బరువు ఎక్కువ, ఆయుష్షు తక్కువ, చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ వల్ల గాలి ఆడే చోట పెట్టాలి. కానీ అది లిథియంలా ఒక సెల్లు నుంచి ఇంకో సెల్లుకు మంట అంటించుకుంటూ పోదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2022లో ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలో ఇంకో ప్రాణం పోయింది. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. కేంద్ర రవాణా శాఖ హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నర్సింగరావు అధ్యక్షతన నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫారసులతో టూవీలర్, త్రీవీలర్ బ్యాటరీల ప్రమాణమైన ఏఐఎస్-156ను సవరించారు. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఆ సవరణలో ఏముందో తెలిస్తే మడిగెలో కట్టిన డబ్బాలో ఏం లేదో అర్థమవుతుంది. ప్యాక్ లోపల కనీసం నాలుగు టెంపరేచర్ సెన్సర్లు ఉండాలి. ఒక సెల్లు లోపల షార్టయి వేడెక్కితే అది పక్క సెల్లుకు పాకి ప్యాక్ మొత్తం మంటగా మారకూడదు. ముందుగా గుర్తించి లైటుతో, శబ్దంతో హెచ్చరించాలి. లోపల గ్యాస్ పేరుకుంటే బయటకు పోయే వెంట్ ఉండాలి. నీటి విషయంలో ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క పోకూడదు. చార్జర్ ఒక్కసారిగా కరెంటు కుమ్మకుండా మెల్లగా మొదలవ్వాలి, బాగా దిగిపోయిన ప్యాక్‌ను గుర్తుపట్టాలి, నిర్ణయించిన వోల్టేజీ దగ్గర ఆగాలి. తీసి ఇంట్లోకి పట్టుకుపోయే ప్యాక్ అయితే మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడేసి చూస్తారు. వైబ్రేషన్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ చార్జ్ పరీక్షలు వీటికి అదనం.

అసలు మెలిక ఇక్కడే. ఈ పరీక్షలు జరిగేది ఒక మోడల్‌కు, దానితో వచ్చే ప్యాక్‌కు. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్ ఆ జతకే వర్తిస్తుంది. ప్యాక్ మార్చిన క్షణాన ఆ కాగితానికీ మీ బండికీ సంబంధం తెగిపోతుంది. సెల్లు సర్టిఫికెట్ చూపించి "ఇదిగో టెస్టెడ్" అంటే ఒప్పుకోవద్దు. సెల్లు పరీక్ష వేరు, ప్యాక్ పరీక్ష వేరు. ఇటుక గట్టిదైనంత మాత్రాన గోడ నిలుస్తుందని కాదు కదా.

నంబరు ప్లేటు లేని బండికి ఏం మార్చినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న ఇంకో అపోహ ఉంది. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోల లోపు బరువు, ఈ మూడూ ఉంటేనే రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు. ఆ మాట తయారీదారు చెప్తే చాలదు, అధికారిక టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరించాలి. లిథియం పెట్టేటప్పుడు పనిలో పనిగా కంట్రోలర్ కూడా పెద్దది వేసి 45 స్పీడు వచ్చేలా చేసే మడిగెలున్నాయి. అలా చేశాక అది మినహాయింపు ఉన్న బండి కాదు, రిజిస్ట్రేషన్ లేకుండా తిరుగుతున్న మోటారు వాహనం. బ్రేకులు, ఫ్రేము మాత్రం పాత 25 స్పీడుకు చేసినవే.

ఇక ప్యాక్ ఎంపిక. మడిగెలో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎన్ని సెల్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉన్నాయి, ఏ కెమిస్ట్రీ? దీనికి సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచి రండి. "60 వోల్టులు" అన్నది ఒకే పేరు, లోపల మాత్రం వేర్వేరు ప్యాక్‌లు ఉంటాయి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే సాధారణంగా 20 సిరీస్, ఒక్కో సెల్లు 3.2 వోల్టులు, మొత్తం 64, ఫుల్ చార్జిలో 73. ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) అయితే 16 సిరీస్, ఫుల్ చార్జిలో సెల్లుకు 4.2 చొప్పున 67.2. కొందరు 17 సిరీస్ కడతారు, అది 71.4.

ఈ అంకెలు ఎందుకంటే, కన్వర్షన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు పాత లెడ్ చార్జర్‌నే వాడుకోమని చెప్పడం. ఐదు లెడ్ బ్యాటరీల చార్జర్ 73.5 వోల్టుల దగ్గరకు తీసుకుపోతుంది. దాన్ని 20 సిరీస్ ఎల్ఎఫ్‌పీకి పెడితే సెల్లుకు 3.675 వస్తుంది, హద్దు 3.65. కొద్దిగా దాటింది కాబట్టి చాలామందికి ఏమీ కాలేదు. ఆ "ఏమీ కాలేదు" అన్న మాటే నోటినోటా పాకి 16 సిరీస్ ఎన్ఎంసీ దాకా చేరుతుంది. అక్కడ అదే చార్జర్ సెల్లుకు 4.59 దాకా నెట్టాలని చూస్తుంది. 4.2 దాటిన ఎన్ఎంసీ సెల్లులో లిథియం లోహంగా పేరుకోవడం, ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ రావడం మొదలవుతాయి. ఆపాల్సింది బీఎంఎస్, అంటే ప్యాక్ లోపల సెల్లను కాపాడే సర్క్యూట్ బోర్డు ఒక్కటే. చవక బీఎంఎస్‌లో కరెంటు కట్ చేసే మాస్ఫెట్‌లు చెడిపోయినప్పుడు చాలాసార్లు కరెంటును ఆపేసి ఉండిపోవు, షార్టయి కరెంటును పోనిస్తూనే ఉంటాయి. అంటే గేటు పగిలింది కానీ మూసుకోలేదు. బండి మామూలుగా నడుస్తుంది, చార్జీ అవుతుంది, రక్షణ పోయిందని ఎవరికీ తెలియదు. అందుకే చార్జర్ తనంతట తాను సరైన వోల్టేజీ దగ్గర ఆగాలి, బీఎంఎస్ రెండో గోడగా ఉండాలి. ఈ రెండు గోడల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్యాక్‌ను ఇంట్లో పెట్టుకోకూడదు.

చార్జర్ పరీక్ష ఐదు నిమిషాల పని. మల్టీమీటర్‌ను డీసీ 200 వోల్టుల మీద పెట్టి, చార్జర్‌ను సాకెట్‌లో పెట్టి, బ్యాటరీకి తగిలించకుండా పిన్ దగ్గర కొలవండి. ఎల్ఎఫ్‌పీ 20కి 73.0, ఎన్ఎంసీ 16కి 67.2. అర వోల్టు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తేడా ఉంటే ఆ చార్జర్ వద్దు. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ ఇవ్వని చార్జర్లు కొన్ని ఉంటాయి. వాటిని చార్జింగ్ ఆఖరి పది నిమిషాల్లో ప్యాక్ దగ్గర కొలవాలి. మీటరు లేకపోతే మడిగెలోనే కొలిచి చూపించమనండి. చూపించడానికి జంకేవాడి దగ్గర కొనకండి.

తర్వాత త్రాసు. డబ్బా తెరవకుండా నిజం చెప్పేది అదే. 30 ఆంపియర్ అవర్ల ఎల్ఎఫ్‌పీ ప్యాక్‌ను 32700 సెల్లతో కడితే, అంటే 32 మిల్లీమీటర్ల వ్యాసం, 70 పొడవున్న 6 ఆంపియర్ అవర్ల సెల్లు, 20 సిరీస్ ఐదు ప్యారలల్, మొత్తం వంద సెల్లు. ఒక్కోటి దాదాపు 140 గ్రాములు. సెల్లే 14 కిలోలు, డబ్బా, వైర్లు, బీఎంఎస్ కలిపితే 16 నుంచి 19. "ఎల్ఎఫ్‌పీ 30" అని రాసిన డబ్బా 11 కిలోలు తూగితే రెండే అర్థాలు: లోపల ఉన్నది ఎన్ఎంసీ, లేదా ఉన్నది 30 కాదు. రెండూ మోసమే, మొదటిది ప్రమాదం కూడా. కిరాణా దుకాణం త్రాసు చాలు.

సామర్థ్యం తేల్చడానికి సాకెట్‌కూ చార్జర్‌కూ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటరు దొరుకుతుంది. ప్యాక్ పూర్తిగా దిగేదాకా నడిపి, ఫుల్ చార్జీ పెట్టండి. 64 వోల్టులు 30 ఆంపియర్ అవర్లంటే 1.92 యూనిట్లు. చార్జర్‌లో పది, పన్నెండు శాతం వేడిగా పోతుంది కాబట్టి మీటరులో 2.1 నుంచి 2.2 పడాలి. 1.5 పడితే మీకు ఇచ్చింది 20 ఆంపియర్ అవర్ల ప్యాక్. ఈ పరీక్షకు వారం గడువు ఇస్తానని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టాలి.

బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ అయితే ఫోన్‌లోనే ప్యారలల్‌గా కలిపిన ఐదేసి సెల్ల ఒక్కో గ్రూపు వోల్టేజీ కనిపిస్తుంది. సగం చార్జీ మీద ఉన్నప్పుడు గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా 0.03 వోల్టుల లోపు ఉండాలి. 0.05 దాటితే సెల్లు ఒక జాతివి కావు, లేదా ఒక గ్రూపులో సెల్లు చచ్చింది. ఫుల్ చార్జి దగ్గర ఎల్ఎఫ్‌పీలో తేడా కాస్త పెరగడం మామూలే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. అదే తెరమీద టెంపరేచర్లు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే, వంద సెల్లలో 95 సెల్లు ఎంత వేడిగా ఉన్నాయో బీఎంఎస్‌కు తెలియదన్నమాట.

మడిగెలో కట్టిన ప్యాక్‌ను ఎందుకు వద్దంటున్నామో లోపల చూస్తే తెలుస్తుంది. సెల్లు చివర పాత వెల్డింగ్ మచ్చలు ఉండి పైన కొత్త తొడుగు ఉంటే అవి పాత ప్యాక్‌ల నుంచి పీకినవి. పాజిటివ్ చివర ఇన్సులేషన్‌గా వేసే బార్లీ పేపర్ రింగు ఉండదు. సెల్లను కలిపే పట్టీ రాపిడికి తొడుగు తెగితే సెల్లు అక్కడికక్కడే షార్టవుతుంది. నికెల్ పట్టీ అని వేసేది చాలాసార్లు నికెల్ పూత పూసిన ఇనుము, దానికి రెసిస్టెన్స్ ఎక్కువ, చెమ్మకు తుప్పు పడుతుంది. అనుమానముంటే ముక్కను ఆకురాయితో గీకి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే ఎర్రబడుతుంది. సెల్లకు హోల్డర్లు లేకుండా ఒకదానికొకటి ఆనించి వేడి గమ్ముతో అతికిస్తే, ఒకటి వేడెక్కినప్పుడు పక్కదానికి అడ్డు ఉండదు. అన్నిటికన్నా మించి, 20 సిరీస్ ప్యాక్ నుంచి బీఎంఎస్‌కు పోయే 21 సన్న వైర్లు. వీటిని ఒక్క కట్టగా కట్టి సెల్ల మీదుగా లాగేస్తారు. ఆ కట్టలో మొదటి వైరుకూ చివరి వైరుకూ మధ్య 73 వోల్టులు. గుంతల రోడ్డు మీద రోజూ ఊగి ఊగి ఇన్సులేషన్ అరిగితే ఆ సన్న వైరే నిప్పురవ్వ. కంపెనీ ప్యాక్‌లో ఈ వైర్లకు విడి దారి, ఫ్యూజులు ఉంటాయి, వైబ్రేషన్ పరీక్ష ఉన్నదే ఇలాంటివి పట్టుకోవడానికి.

"ఎల్ఎఫ్‌పీ అంటుకోదు" అని కూడా చెప్తారు. ఎన్ఎంసీ కన్నా ఎక్కువ వేడి దాకా ఓర్చుకుంటుంది, ఆక్సిజన్ తేలిగ్గా వదలదు, ఇది నిజం. కానీ అదుపు తప్పితే అదీ హైడ్రోజన్ కలిసిన గ్యాస్ వదులుతుంది. మూసిన గదిలో ఆ గ్యాస్‌కు రవ్వ తగిలితే పేలుడే. ఎల్ఎఫ్‌పీ తీసుకోమనే మా సలహా, జాగ్రత్త అక్కర్లేదని కాదు.

ఫిట్టింగ్‌లో చూడాల్సినవి రెండు. ఫ్యూజు: కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు సాధారణంగా 32 వోల్టుల డీసీకి చేసినవి. 73 వోల్టుల దగ్గర అది కాలినా మధ్యలో ఆర్క్ ఆగకపోవచ్చు. 80 వోల్టులు, ఆపైన డీసీ అని రాసున్న ఫ్యూజు గానీ డీసీ ఎంసీబీ గానీ ఉండాలి, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ కాదు. రెండోది, ఖాళీ. ఐదు లెడ్ బ్యాటరీలు పట్టే చోట చిన్న లిథియం డబ్బా పెడితే మిగిలిన చోట థర్మోకోల్ కుక్కుతారు. థర్మోకోల్ మండుతుంది, వేడిని పట్టి ఉంచుతుంది. ఇనుప బ్రాకెట్, రబ్బరు ప్యాడ్, బోల్టు, ఇలాగే బిగించాలి.

కొన్ని సర్వీసులు మెకానిక్ చేస్తానన్నా చేయించుకోకండి. నెలల తరబడి వాడక చచ్చిపోయిన ప్యాక్‌ను బీఎంఎస్ దాటించి నేరుగా చార్జీ ఎక్కించి "లేపడం" అందులో మొదటిది. వోల్టేజీ బాగా కిందకు పడి వారాలు గడిచిన సెల్లులో రాగి కరిగి, మళ్లీ చార్జీ ఎక్కినప్పుడు లోపల ముళ్లలా పేరుకుని షార్టుకు దారి తీస్తుంది. బీఎంఎస్ చార్జీ ఒప్పుకోకపోవడం దాని చెడ్డతనం కాదు, అది చేయాల్సిన పని అదే. రెండోది, మైలేజీ కోసం పాత ప్యాక్‌కు కొత్త ప్యాక్ జత కలపడం. రెండింటి వోల్టేజీల్లో కొద్ది తేడా ఉన్నా ఎక్కువున్న దాంట్లోంచి తక్కువున్న దాంట్లోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. అలా కలపడానికి ప్రత్యేక సర్క్యూట్ కావాలని ఏఐఎస్-156 సవరణలోనే ఉంది.

మన ఎండలకు ఒక మాట. చాలా లిథియం సెల్ల డేటాషీట్లలో చార్జింగ్‌కు హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు గాలే 44, 45 ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండిలో ప్యాక్ అంతకన్నా వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టకండి. నీడలో కనీసం ముప్పావు గంట చల్లారనిచ్చి, వీలైతే తెల్లవారుజామున పెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు. వానల సంగతి ఇంకోటి. 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబరులో మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీలు మునిగాయి. మడిగె ప్యాక్‌కు ఐపీఎక్స్7 ఉండదు. నీళ్లలో మునిగిన ప్యాక్ ఆరిందని చార్జింగ్ పెట్టడం ఎంతమాత్రం సరికాదు. లోపల మిగిలిన బురద చెమ్మ రోజుల తర్వాత కూడా షార్ట్ చేస్తుంది. ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టి సర్వీసు వాళ్లను పిలవండి. ఐపీఎక్స్7 ఉన్న కంపెనీ ప్యాక్ అయినా గంటల తరబడి మునిగితే ఇదే దారి.

బిల్లు విషయం. జీఎస్టీ 18 శాతం తప్పించుకోవడానికి చిట్టీ మీద రాసిచ్చే బిల్లు తీసుకోకండి. బిల్లు మీద కెమిస్ట్రీ, సిరీస్ సంఖ్య, ఆంపియర్ అవర్లు, ప్యాక్ సీరియల్ నంబరు, తయారీ తేదీ, చార్జర్ కటాఫ్ వోల్టేజీ ఉండాలి. నోటిమాట మూడేళ్ల గ్యారంటీలో సాధారణంగా పనిచేసేది మొదటి ఆరు నెలలే. మీది ఆకుపచ్చ ప్లేటుతో టీజీ 03 రిజిస్ట్రేషన్ ఉన్న బండి అయితే బయటి ప్యాక్ ఆలోచనే వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అనుమతి లేని మార్పు అవుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది అదే.

ఏ ప్యాక్ అయినా చార్జింగ్ చోటు ముఖ్యం. అద్దె ఇళ్లలో బండి మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన, దర్వాజకు అడ్డంగా ఉంటుంది. మంట లేస్తే పై పోర్షన్ వాళ్లు దిగే తొవ్వ అదే. వాకిట్లో గానీ గోడ వారగా రేకుల కింద గానీ పెట్టండి, ఎర్తింగ్ ఉన్న సాకెట్, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండేలా చూడండి. తీయదగిన ప్యాక్‌ను పడకగదిలోకి తేకండి. ప్యాక్ ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్నా, తెల్లటి పొగ కక్కినా పిన్ పీకడానికి దగ్గరకు పోవద్దు. మెయిన్ ఆపగలిగితే ఆపి అందరినీ బయటకు పంపి 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. మంటలార్పే పొడి సిలిండర్ పైమంట ఆర్పుతుంది, లోపలి వేడిని ఆపదు. దాన్ని చల్లార్చేది చాలా నీళ్లు మాత్రమే, ఆ పని ఫైరింజన్‌ది. ఆరిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి ఇంట్లోకి తిరిగి తేకూడదు.

పాత లెడ్ బ్యాటరీలకు మడిగెవాళ్లే కిలో లెక్కన ధర కట్టి తీసుకుంటారు, ఆ ఐదింటి బరువుకు వచ్చే ధర కొత్త బిల్లులో తగ్గించమని అడగండి. పాత లిథియం ప్యాక్‌ను మాత్రం పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుది. కొనేటప్పుడే ఎక్కడ తిరిగి ఇవ్వాలో అడిగి, ఆ చిరునామా కూడా బిల్లు వెనక రాయించుకోండి.